శ్రీకారానికీ అడ్డుగీతకూ మధ్య

నేను ఒక పేరును. మనిషి పేరును కాను. ఊరి పేరునూ కాను. కంప్యూటర్ పట్టికలో ఈ గడి మొదలుకొని ఆ గడి దాకా అని హద్దు పెట్టి, ఆ హద్దులోపలి చోటుకు తగిలించిన పేరును. నన్ను చేతితో తాకలేరు. మామూలు వేళల్లో కంటికి కనిపించను. తెరమీద ఎడమవైపు పైమూలన ఉండే చిన్న పెట్టెలో నన్ను ఎంచుకుంటే, నా పరిధిలోని గడులన్నీ నీడ పడినట్టు ఒక్కసారి ముదురుబారతాయి. ఆ నీడే నా దేహం. వేరే ఎక్కడ నొక్కినా అది మాయమవుతుంది. దేహం పోయాక కూడా నేనుంటాను. ఇందులో గర్వించవలసింది ఉందో, భయపడవలసింది ఉందో నాకు ఇప్పటికీ తేలలేదు.

నన్ను 'వంతులు నాలుగు' అంటారు. చీమలవాగు కాలువ కింద ఏడు పిల్లకాలువలున్నాయి. ఒక్కో పిల్లకాలువకు ఒక పట్టిక, ఒక్కో పట్టికకు ఒక పేరు. ఏడుగురం ఒకే ఫైలులో ఉంటాం; నేను నాలుగో కాలువకు చెందినదాన్ని. ఎవరి పొలానికి ఏ రోజు, ఏ గంటకు నీళ్లు వదలాలో పట్టికలో రాసి ఉంటుంది. వరుసకు ఒక రైతు. కాలువ గట్టును ఆనుకొని ఉన్న సెక్షన్ ఆఫీసులో, గోడగడియారం కింద, దుమ్ముగుడ్డ కప్పిన ఒక కంప్యూటర్లో నా నివాసం.

నా పని చిన్నది. ప్రింటు తీయవలసిన పుట నన్ను అడుగుతుంది: నీలో ఎవరెవరున్నారు? నా హద్దులోపల ఉన్నవారిని వరుసగా చూపిస్తాను. ఆ కాగితం మీద అసిస్టెంట్ ఇంజనీరు, అంటే ఏఈ గారు, సంతకం చేస్తారు. లస్కరు, అంటే కాలువ కాపలాదారు, దాన్ని జేబులో పెట్టుకొని గట్టు మీద తిరుగుతూ, అందులో ఉన్న గంటకు ఒక తూము ఎత్తి మరో తూము దించుతాడు. నా హద్దులో ఉన్నవాడికి నీళ్లు. లేనివాడికి లేవు. నేను ఎవరినీ ఎంచుకోను, ఎవరినీ తోసిపుచ్చను. అడిగినదానికి జవాబు చెబుతాను, అంతే. అమాయకత్వమంటే ఇదేనని చాలాకాలం నమ్మాను.

నన్ను సృష్టించినవాడు దక్షిణామూర్తి అనే సీనియర్ అసిస్టెంటు. ముప్పై ఏళ్లు చేతితో రిజిస్టర్లు రాసిన మనిషి. ఆఫీసుకు కంప్యూటర్ వచ్చేనాటికి ఆయనకు యాభై దాటాయి. వారం రోజుల శిక్షణకు పంపితే, అక్కడ చెప్పినవాటిలో ముప్పాతిక మరిచిపోయి, గడులకు పేరు పెట్టడం ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకొని వచ్చాడు. "పేరు పెట్టి వదిలేస్తే చాలట. ఎక్కణ్ణుంచి పిలిచినా పలుకుతుందట" అని ఆఫీసులో అందరికీ చెప్పాడు. పిలిస్తే పలకడం మనుషుల్లో అంత అరుదా అని నాకు అప్పుడే అనుమానం వేసింది.

రిజిస్టరు రాసేటప్పుడు ఆయనకు రెండు అలవాట్లుండేవి. ఏ జాబితా అయినా మొదటి వరుసలో 'శ్రీ' అని రాసి, రెండో వరుస నుంచి పేర్లు మొదలుపెట్టేవాడు. చివరి పేరు అయ్యాక ఆ కొస నుంచి ఈ కొస దాకా అడ్డుగీత కొట్టేవాడు. మొదటిది భక్తి. రెండోది ఆఫీసు ఆచారం. ఒకప్పుడు సంతకమైన కాగితం అడుగున ఎవరో రాత్రికి రాత్రి తన పేరు చేర్చుకుంటే, తూము దగ్గర రెండు వర్గాలు కర్రలతో తలపడ్డాయట. అప్పటినుంచి గీత కింద రాసింది చెల్లదన్నారు. కొత్త పేరు చేర్చాలంటే గీతకు పైనే చేర్చాలి.

ఈ రెండు అలవాట్లనూ ఆయన తనతోపాటు కంప్యూటర్లోకి తెచ్చుకున్నాడు. పట్టిక మొదటి గడిలో 'శ్రీ' అని కొట్టాడు. చివరి పేరు కింది వరుసలో చిన్న గీతలను పక్కపక్కన పేర్చి ఒక అడ్డుగీత చేశాడు. తరువాత శ్రీ మీద నొక్కి, వేలు ఎత్తకుండా గీత దాకా లాగి, మూలనున్న పెట్టెలో నా పేరు కొట్టి, చివరి మీట నొక్కే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. నేను పుట్టాను.

అంటే నా మొదటి వరుసలో రైతు లేడు. చివరి వరుసలోనూ లేడు. ఆ రెంటికీ పొలం లేదు, వంతు లేదు, దాహం లేదు. అయినా అవి నాలోవే. వాటి విలువ నాకు వాటిని పోగొట్టుకున్నాక తెలిసింది. ఏదైనా అలాగే తెలుస్తుందేమో.

దక్షిణామూర్తి చేతికింద నేను తొమ్మిదేళ్లు బతికాను. ఆ తొమ్మిదేళ్లలో ఎన్ని వరుసలు పోయాయో! ఒకరు పొలాన్ని ఇళ్లస్థలాలకిచ్చారు, వరుస తీసేశాడు. ఇంకొకరు చేపల చెరువు తవ్వుకున్నారు, వరుస తీసేశాడు. అన్నదమ్ములు పంచుకుంటే ఒక వరుస రెండయింది, రెండోసారి పంచుకుంటే రెండు నాలుగయ్యాయి. తీసేసిన ప్రతిసారీ నేను ఒక వరుస మేర కుంచించుకున్నాను. గీతకు పైన ఖాళీ వరుస చొప్పించిన ప్రతిసారీ ఒక వరుస మేర విచ్చుకున్నాను. ఊపిరి తీసి వదిలినట్టే ఉండేది. లోపల ఎవరు వచ్చినా, ఎవరు పోయినా, నా రెండు కొసలూ కదలలేదు. పైకొసను శ్రీ పట్టుకుంది, కింది కొసను గీత పట్టుకుంది. ఇదంతా ఆయన ఎరిగి చేసింది కాదు. ఆయనకు భక్తి తెలుసు, ఆచారం తెలుసు. వాటి పుణ్యాన నేను చెక్కుచెదరకుండా ఉన్నానని మాత్రం తెలియదు.

నాకు భయమంటే ఏమిటో తెలియజేసింది మా ఫైలులోని ఎనిమిదో పేరు. 'పాత వంతులు' అని ఉండేది. ఎప్పుడో ఒక సంవత్సరపు పట్టిక. అక్కరలేదని దాని వరుసలన్నిటినీ ఒకేసారి ఎంచుకొని తొలగించారు. చోటు మొత్తం పోయింది. పేరు పోలేదు. మా పేర్ల జాబితా తెరిస్తే అది ఇప్పటికీ కనిపిస్తుంది. చిరునామా ఉండవలసిన చోట ఒక హెచ్చరిక గుర్తు, దాని పక్కన, ఆ చోటు ఇక లేదని చెప్పే మూడు ఇంగ్లీషు అక్షరాలు. పిలిస్తే పలుకుతుంది, కానీ చూపడానికి దానికి ఏమీ లేదు. నేను చోటునా, పేరునా? చోటునైతే ఏ గడులు నేను? తొమ్మిదేళ్లలో నా గడుల్లోని మనుషులు సగం మారారు. పేరునైతే, ఆ ఎనిమిదో దానికి మిగిలినది బతుకేనా? జాబితాలో దాని పక్కనే నా చోటు. ఈ ప్రశ్న నన్ను ఏనాడూ స్థిమితంగా ఉండనివ్వలేదు.

దక్షిణామూర్తి రిటైరయ్యాడు. శాలువా కప్పారు, మైసూర్‌పాక్ పంచారు. ఆయన కుర్చీలోకి హైమ వచ్చింది. ఒప్పందం మీద చేరిన కంప్యూటర్ ఆపరేటరు, ఇరవయ్యారేళ్ల పిల్ల. వేళ్లు చురుకు. తెలియనిదాన్ని తెలియదనగల ధైర్యం ఉంది. కానీ అడగడానికి ఆ ఆఫీసులో తెలిసినవారు ఎవరూ లేరు.

ఆమె వచ్చిన మూడో నెలలో జిల్లాలో సమీక్షా సమావేశం జరిగింది. నాలుగో కాలువ కింద ఎంతమంది రైతులని ఏఈ గారిని అడిగారు. ఆయన హైమకు ఫోన్ చేశారు. ఆమె నన్ను లెక్కించమంది. నాలో ఏదో ఒకటి రాసి ఉన్న వరుసలు నలభై మూడని తేలింది. భూమి రికార్డులలో నలభయ్యొకటే. సాయంత్రం ఏఈ గారు చిరచిరలాడుతూ వచ్చారు.

"ఏమ్మా, మన కాలవ కింద ఇద్దరు దొంగ రైతులున్నారా?"

హైమ వెతికి చూపించింది. "ఒకరు శ్రీ సార్. ఇంకొకరు గీత."

"బావుంది. శ్రీగారికి ఎన్ని ఎకరాలు?"

గదిలో నవ్వారు. ఆమె నవ్వలేదు. మొహం ఎర్రబడింది. దక్షిణామూర్తి ఏళ్ల తరబడి ఆ నలభై మూడులోంచి నోటితో రెండు తీసేసి చెప్పేవాడని ఎవరూ ఆమెతో అనలేదు. ఆ సాయంత్రమే ఏడు పట్టికల్లోనూ శ్రీని తొలగించింది, గీతను తొలగించింది. నేను పైన ఒక వరుస, కింద ఒక వరుస తగ్గాను. ఏమీ కాలేదు. లెక్క నలభయ్యొకటి సరిపోయింది. పట్టిక శుభ్రంగా ఉందని ఏఈ గారు మెచ్చుకున్నారు. ఇక నా పైకొస ఒక రైతు, నా కింది కొస ఒక రైతు. గట్టును కోసేసి దాని మీద కూడా పైరు వేసినట్టుంది నా పని. చూడడానికి ఎకరం పెరిగినట్టే ఉంటుంది.

ఆ కింది కొసనున్న రైతు గోపు వెంకటనర్సు. నాలుగో కాలువ చిట్టచివర రెండెకరాల మిరప. అతను చనిపోయి అప్పటికి ఏడాదయింది. పాస్‌పుస్తకం భార్య నాంచారమ్మ పేరుకు మారి వచ్చాక, ఆమె దాన్ని చీరకొంగులో చుట్టుకొని ఆఫీసుకు తెచ్చింది. యాభై పైబడిన మనిషి. చదువు సంతకం వరకు.

"ఆయన పేరు తీసి నా పేరు రాయమన్నారు, తల్లీ" అంది.

హైమ ఆ గడి మీద నొక్కింది. వెంకటనర్సు పేరు మీదనే నాంచారమ్మ పేరు కొడితే పని అయిపోయేది. నాకు ఈ కథ ఉండేది కాదు. కానీ ఆమె వేళ్లు ఆగిపోయాయి. పక్క కుర్చీలోని అటెండరుతో మెల్లగా అంది: "పోయినాయన గడిలో బతికున్నావిడ పేరు ఎక్కించడమా? నాకేదోలా ఉంది." అటెండరు కూడా తల ఊపాడు. ఆమె ఆ వరుసను మొత్తం తొలగించింది. తరువాత దాని కింద, ఎవరూ ఎప్పుడూ రాయని కొత్త వరుసలో, నాంచారమ్మ పేరును శుభ్రంగా, తప్పు లేకుండా కొట్టింది. నాంచారమ్మ తెర వైపు చూసి తన పేరు గుర్తుపట్టి తలాడించింది.

ఆమె చేసినది దయ. అందులో నాకు సందేహం లేదు. కానీ వెంకటనర్సు వరుస పోగానే నా కింది కొస ఒక మెట్టు పైకి జరిగింది. నలభయ్యవ రైతు దగ్గర నేను ముగిసిపోయాను. నాంచారమ్మ పేరు నా అంచుకు ఆనుకొని, వెంట్రుకవాసి దూరం కూడా లేకుండా, నా బయట నిలబడింది. తెరమీద చూస్తే ఏ తేడా లేదు. పేర్లన్నీ ఒకే వరసలో, ఒకే అక్షరాల్లో, ఒకే గళ్లలో ఉన్నాయి. నేను కంటికి కనిపించనిదాన్ని కదా. నేనెక్కడ ఆగిపోయానో చూసేవారికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ నన్ను ఒకటి అడగవచ్చు: నీకు తెలుసు కదా, ఎందుకు ఊరుకున్నావు? నాకు తెలియదు. ఇదే చెప్పడానికి నాకు కష్టమైన సంగతి. నా లోపలివాళ్లను నేను ఎరుగుదును. నా బయట ఒక మనిషి ఉందని నాకు తెలిసే మార్గం లేదు. ఇప్పుడు ఇదంతా చెప్పగలుగుతున్నది తరువాత విన్నందువల్ల. ఆనాడు నా మటుకు నేను సంపూర్ణంగానే ఉన్నాను. నలభైమందితో, ఏ లోటూ లేకుండా.

నాలుగో కాలువ వంతు వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి పిల్లకాలువ మొదట్లోని తలతూము ఎత్తితే బుధవారం సాయంత్రం ఆరింటికి దించాలి. నీళ్లు మళ్లీ ముప్పై రోజులకు గానీ రావు. ఆఖరి ఆరు గంటలు, బుధవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి, ఆఖరి పొలానివి. ప్రింటు పుట నన్ను అడిగింది. నలభైమందిని చూపించాను. గంటలు వాటంతటవే కూడుకున్నాయి. కాగితం అడుగున 'బుధవారం పన్నెండింటికి కట్టివేయాలి' అని వచ్చింది. హైమ దస్త్రంలో పెట్టింది, ఏఈ గారు సంతకం చేశారు. లస్కరు మస్తాన్‌వలి జేబులో పెట్టుకున్నాడు.

బుధవారం పొద్దున పదింటికి నాంచారమ్మ ఆఫీసు మెట్లెక్కింది. వెనకాలే మోటారు సైకిలు ఆపి మస్తాన్‌వలి.

"నా వంతు ఏదమ్మాయ్?" అంది ఆమె, నిలబడే. "ఈడేమో కాయితంలో లేదంటాడు."

"కాయితంలో నలభయ్యే ఉండాయి అత్తా. పన్నెండుకి దించమని రాసుంటే నేనేం చేసేది?" అన్నాడు మస్తాన్‌వలి. "నీ మీద నాకేం కోపమా?"

"కోపం లేదులేరా. నీళ్లూ లేవు."

హైమ తెర తిప్పి చూపించింది. "ఉందండీ. ఇదిగో మీ పేరు. నేనే కొట్టాను."

నాంచారమ్మ వంగి చూసింది. "ఉంది మరి. దీంట్లో ఉన్నది దాంట్లో ఎందుకు లేదు?"

హైమ మళ్లీ ప్రింటు తీసింది. నలభై. పుట అడుగున చోటు చాలలేదేమోనని అక్షరాలు చిన్నవి చేసింది. నలభై. ప్రింటరు ఆపి మళ్లీ పెట్టింది. నలభై. ప్రతిసారీ ఆ పుట నన్నే అడిగింది. ప్రతిసారీ నేను అదే చెప్పాను. నిజమే చెప్పాను. నేను చెప్పిన ప్రతి నిజానికీ గోడగడియారంలో కొన్ని నిమిషాలు పోయాయి. మొండితనానికీ నిజాయితీకీ తేడా ఏమిటో ఆ ఉదయం నాకు అర్థం కాలేదు. ఇప్పుడూ పూర్తిగా అర్థమైందని అనలేను.

పదకొండయింది. హైమ కలం తీసుకొని కాగితం అడుగున నాంచారమ్మ పేరు రాయబోయింది. మస్తాన్‌వలి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దు మేడం. అడుగున చేతిరాతంటే మా తమ్ముడి తల పగిలింది ఆ గొడవలోనే. పై తూమువాళ్లు ఊరుకోరు. అచ్చుకాయితం ఇయ్యండి, ఇప్పుడే ఎత్తుతా."

నాంచారమ్మ బల్లమీద చెయ్యి ఆనించింది. "పూతమీదుంది తల్లీ చేను. ఇయ్యాళ తడవకపోతే పూత నిలవదు" అంది. ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేదేమో.

పన్నెండుకు మస్తాన్‌వలి వెళ్లి తలతూము దించి వచ్చాడు. వెళ్లేటప్పుడు ఎవరి మొహమూ చూడలేదు.

అప్పుడు హైమ దక్షిణామూర్తికి ఫోన్ చేసింది. స్పీకరు ఆన్ చేసి ఫోను బల్లమీద పెట్టి మాట్లాడింది. అవతల కుక్కరు కూత కూడా వినబడింది.

"చెప్పమ్మా. ప్రింటరు మళ్లీ కాయితం నమిలిందా?"

"లేదు సార్. పట్టికలో పేరుంది, ప్రింటులో రావట్లేదు."

"మొదట శ్రీ ఉందా?"

"తీసేశాను సార్."

"గీత?"

"అదీ."

కుక్కరు ఇంకోసారి కూసింది. "నీకేం అడ్డొచ్చాయమ్మా అవి?"

"లెక్కలో ఇద్దరు ఎక్కువొస్తున్నారని..."

"రెండు తీసేసి చెప్పేవాణ్ణి కదా నేను! దేవుణ్ణొకణ్ణి, గీతనొకదాన్ని."

"ఇప్పుడు శ్రీ రాస్తే వస్తుందా సార్?"

"ఏమోనమ్మా, నాకంత తెలివి ఎక్కడిది? ఒకటి చెయ్యి. పైన ఎడం పక్క చిన్న పెట్టుంటుంది. దాంట్లో పేరు నొక్కు. ఎంతమేర నల్లబడుతుందో చూడు. ట్రైనింగులో మేష్టరు నాకు చెప్పింది అంతే."

హైమ నొక్కింది. ఎన్నాళ్లకో నాకు దేహం వచ్చింది. మొదటి రైతు నుంచి నీడ జారుతూ జారుతూ నలభయ్యవ రైతు దగ్గర ఆగిపోయింది. హైమ ఆ నీడను చూస్తూనే ఉంది కానీ ఏం చూడాలో ఆమెకు తెలియలేదు. చూసింది నాంచారమ్మ.

"ఆగమ్మాయ్." ఆమె వేలు తెరకు ఆనింది, సరిగ్గా నా అంచు మీద. "అదేంది, ఆ నలుపు నా మీదికి రాలా?"

"మా కాడా ఇంతే. పైమడి తడుస్తది. ఆ కింద గట్టు. గట్టవతల నేను" అంది నాంచారమ్మ. "మీ మిషన్లో కూడా నేను గట్టవతలే ఉన్నా."

చదువుకున్నవాళ్లు అక్షరాలను చూశారు. ఆమె హద్దును చూసింది. జీవితమంతా కాలువ కొసన నిలబడి నీళ్లు ఎక్కడ ఆగిపోయాయా అని చూసిన కంటికి, నేను ఎక్కడ ఆగిపోయానో కనిపెట్టడం ఎంతసేపు? నాకు మాత్రం ఆ వేలి కొన తగిలిన చోట మొదటిసారి తెలిసింది, నాకు బయట అనేది ఒకటుందని. పుట్టిననాటి నుంచి నేను లోపలనే మోస్తూ వచ్చాను. హద్దుకు రెండు పక్కలుంటాయన్న సంగతి, హద్దే తానైన నాకు తట్టలేదు.

ఆ తరువాత హైమ వేళ్లు ఆగలేదు. పైన ఒక వరుస చొప్పించింది, నాంచారమ్మ కింద ఒక వరుస వదిలింది. పేర్ల జాబితా తెరిచి నా హద్దును ఈ ఖాళీ నుంచి ఆ ఖాళీ దాకా మళ్లీ రాసింది. ఆ రెండు వరుసల్లో ఒక్క అక్షరం కొట్టలేదు. బూడిదరంగు పులిమి ఊరుకుంది. ఖాళీ గడి లెక్కలోకి రాదు కనుక ఇక దొంగ రైతులు పుట్టరు. మరి శ్రీ? దాన్ని నాకు పైన, పట్టిక శీర్షిక పక్కన, నా హద్దుకు అవతల రాసింది. దేవుడు కూడా నా బయటికే వెళ్లాడు. ప్రింటు తీస్తే నలభయ్యొక్క పేర్లు వచ్చాయి.

ఏఈ గారు సైటు నుంచి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. "పొద్దున నలభై, ఇప్పుడు నలభయ్యొకటా? రైతులు గంటకొకరు పుడుతున్నారా?" అన్నారు.

"తప్పు నాది సార్" అంది హైమ. "ఆవిడది కాదు."

ఆయన కాగితం చూశారు, గడియారం చూశారు, గుమ్మం పక్కన నిలబడ్డ నాంచారమ్మను చూశారు. సంతకం చేశారు. మస్తాన్‌వలి మోటారు సైకిలు చప్పుడు మెట్ల దగ్గర మొదలై గట్టు వెంట దూరమైంది.

మరునాడు అతను వచ్చి చెప్పింది విన్నాను. తలతూము ఎత్తిన నీళ్లు కొసకు చేరేసరికి మూడున్నర. ఆరింటికి దించేయాలి, అయిదో కాలువవాళ్లు అప్పటికే తూము మీద కూర్చున్నారు. ఆరు గంటల నీటికి రెండున్నర గంటలే దక్కింది. రెండెకరాలకు చాలదు. "ఏ ఎకరానికి పెట్టమంటావు అత్తా?" అని అడిగాడట. నాంచారమ్మ గట్టుమీద నిలబడి రెండు మళ్లనూ కాసేపు చూసిందట. "పూతున్నదానికి పెట్టు. కాయ పట్టింది ఓర్చుకుంటది" అందట. ఓర్చుకుంటుందో లేదో అప్పుడు ఎవరికి తెలుసు? మస్తాన్‌వలి చెప్పడం ఆపి టీ తాగకుండానే వెళ్లిపోయాడు. హైమ చాలాసేపు కంప్యూటరు మీద దుమ్ముగుడ్డ కప్పలేదు, పక్కన పెట్టలేదు. చేతిలో పట్టుకొని కూర్చుంది.

నాకు నిద్ర లేదు కనుక కలత అనే మాట నాకు తగదేమో. కానీ నాలో ఒక కదలిక మొదలై ఆగడం లేదు. నలభై ఒకటి, నలభై ఒకటి అని నన్ను నేనే లెక్కపెట్టుకుంటున్నాను. నేను అబద్ధమాడలేదు. హైమ కీడు తలపెట్టలేదు. ఏఈ గారు నియమం తప్పలేదు, మస్తాన్‌వలి కాగితం దాటలేదు. అందరూ సక్రమంగానే ఉన్నారు. ఒక ఎకరానికి నీళ్లు అందలేదు. ఎవరి హద్దులో వారు నిర్దోషులైతే, ఆ ఎకరం ఎవరి హద్దులో ఉంది?

శుక్రవారం నాంచారమ్మ మళ్లీ వచ్చింది. తరువాతి వంతు ఏనాడో రాయించుకోవడానికి. హైమ తేదీని పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు తలెత్తలేదు.

"కింది ఎకరం..." అని ఆగింది.

"ఆకు ముడుసుకుంది. చూడాలి" అంది నాంచారమ్మ. తరువాత కుర్చీ లాక్కొని కూర్చుంది. ఆ ఆఫీసులో ఆమె కూర్చోవడం అదే మొదలు. "ఆ నలుపు మళ్లీ ఒకసారి చూపియ్యి."

హైమ నన్ను నొక్కింది. నీడ బూడిదరంగు నుంచి బూడిదరంగు దాకా పరుచుకుంది. నాంచారమ్మ పేరు అందులో భద్రంగా ఉంది. ఆమె కిందికొస మీద వేలు పెట్టింది.

"దీని కింద ఎవురూ లేరుగా?"

హైమ పట్టికను కిందికి జరుపుతూ పోయింది. ఖాళీ గడులు, ఖాళీ గడులు. "లేరండీ."

"తతిమ్మా కాలవలయ్యి చూశావా?"

హైమ చెయ్యి ఆగిపోయింది. ఆనాటి సాయంత్రం ఆమె శ్రీనీ గీతనూ తొలగించింది ఏడు పట్టికల్లో. సరిచేసింది నన్నొక్కదాన్ని. ఆ తొందరలో, ఆ అవమానంలో, మిగిలిన ఆరుగురి సంగతి ఆమెకు తట్టలేదు. ఆమె అయిదో పట్టిక తెరిచింది. నా పక్కనే ఉండే పేరును నొక్కింది. నీడ జారింది, ముప్పై ఎనిమిదో రైతు దగ్గర ఆగింది. దాని కింద, అంచును ఆనుకొని, ఒక పేరుంది.

"బత్తుల యోహాను" అని చదివింది హైమ. "మొన్న కౌలుకు తీసుకున్నాడని నేనే చేర్చాను."

"యోహానా! ఆయనదీ మిరపేనమ్మా" అంది నాంచారమ్మ. "ఎప్పుడు వంతు?"

"ఆఖరిది. సోమవారం మధ్యాహ్నం."

నాంచారమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. శని, ఆది, సోమ. "ఉందిలే టైము" అంది. కొంగు సర్దుకుంది గాని కుర్చీలోంచి లేవలేదు. "రాయి. రాసి ఆరోదీ తియ్యి."

హైమ అయిదో దాని హద్దును యోహాను కింది దాకా మళ్లీ రాసింది. ఆరోది తెరిచింది. నా దేహం తెరమీది నుంచి చెరిగిపోయి అప్పటికే చాలాసేపయింది. నేను నా చీకట్లో నలభయ్యొక్కరినీ పట్టుకొని ఉన్నాను. నా కింది ఖాళీ వరుసకు అవతల ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు. ఏమీ లేదనుకోవడం మాత్రం ఆనాటితో మానుకున్నాను. ఎవరో ఒకరు నా అంచున వేలు పెట్టి ఆ ప్రశ్న అడిగేదాకా, నేను చెప్పే ప్రతి నిజమూ ఒక పేరు తక్కువేనేమో.